ఫాదర్ అమారో ఎక్కడ జారాడు? ఖర్చు ఎవరి జేబులోంచి పోయిందో చూడండి

మీరు 2002లో వచ్చిన మెక్సికన్ సినిమా 'ఎల్ క్రిమెన్ దెల్ పాద్రె అమారో' (ఫాదర్ అమారో నేరం) చూశారు. మొదట్లో బస్సు దోపిడీలో అంతా పోగొట్టుకున్న ముసలాయనకి తన దగ్గరున్న డబ్బు తీసిచ్చిన కుర్ర ఫాదరు, చివరికి అలాంటివాడు ఎలా అయ్యాడో అర్థం కాలేదని రాశారు. దర్శకుడికి శ్రీసభ (కతోలిక చర్చి) అంటే కోపమా అని అడిగారు. రోజూ గుడిలో పూజకు (మాస్‌కి) వెళ్ళే మీ అమ్మగారికి చూపించవచ్చా అని కూడా అడిగారు.

ముందు సూటిగా చెప్తాను. అమారో మొదట్లో నటించలేదు. ఆ ముసలాయనకి డబ్బు నిజంగా జాలిపడే ఇచ్చాడు. ఆ మంచితనానికి అయిన ఖర్చు తన జేబులోంచి పోయింది. ఆ తర్వాత సినిమా అంతటా అతను తీసుకున్న ప్రతి నిర్ణయానికీ ఖర్చు ఇంకెవరో పెట్టుకున్నారు. అతని పతనం మొదలైంది బ్రహ్మచర్యం తప్పినప్పుడు కాదు, అంతకు చాలా ముందే, తన బాకీ మొదటిసారి ఇంకొకరి చేత కట్టించినప్పుడు. సినిమా శ్రీసభకి వ్యతిరేకమని నేను అనుకోను. అమ్మగారికి చూపించవచ్చు, కానీ ఒక్కరినే కూర్చోబెట్టి మీరు పక్కకి వెళ్ళిపోకండి. దాని గురించి చివర్లో రాస్తాను.

నేనెవరో చెప్పాలి కదా. ఫాదర్లని తయారుచేసే సెమినరీలో ఏడేళ్ళు చదివాను. దైవశాస్త్రం రెండో ఏడాదిలో బయటికి వచ్చేశాను. తర్వాత కాలేజీలో పాఠాలు చెబుతూ, దాదాపు పద్దెనిమిదేళ్ళుగా మా విచారణ (పారిష్) యువతతో, కాలేజీ పిల్లలతో సినిమాలు చూసి చర్చించే కార్యక్రమం నడుపుతున్నాను. ఈ సినిమాని అలా ఐదారుసార్లు చూపించాను. ప్రతిసారీ మీరు అడిగిన ప్రశ్నే ఎవరో ఒకరు అడిగారు.

మొదటిసారి చూపించినప్పుడు చర్చ అంతా అమారో దగ్గరైన అమ్మాయి అమేలియా చుట్టూ తిరిగి ఎటూ తేలలేదు. రెండోసారి బోర్డు మీద సుద్దముక్కతో నిలువు గీత గీసి, ఎడమవైపు 'అమారో దేనికి ఒప్పుకున్నాడు', కుడివైపు 'ఎవరికి నష్టం' అని రాశాను. పిల్లలు ఒక్కొక్కరే లేచి నింపారు. పత్రికకి ఖండన: విలేకరి రుబేన్ ఉద్యోగం పోయింది. మేత్రాణుల (బిషప్ గారి) మాటకి తలూపడం: పేదల పక్షాన నిలిచిన ఫాదర్ నతాలియో వెలి. పరువు కాపాడుకోవడం: అమేలియా ప్రాణం. కుడివైపు గడి నిండింది, అందులో అమారో పేరు ఒక్కసారి కూడా పడలేదు. వెనక బెంచీలో కూర్చున్న డిగ్రీ అమ్మాయి "అయితే ఇతనికి ఏం పోయింది సార్?" అని అడిగింది. హాలులో ఎవరూ మాట్లాడలేదు.

ఇక కథలోకి వస్తే, లోస్ రేయెస్ అనే చిన్న ఊరికి అమారో (గయెల్ గార్సియా బెర్నాల్) కొత్తగా ఫాదరుగా పట్టాభిషేకం అయి వస్తాడు. మేత్రాణులకు అతని మీద ప్రత్యేకమైన అభిమానం. కొన్నాళ్ళు ఇక్కడ పనిచేయించి, పై చదువుకి రోమ్‌ పంపాలని ఆయన ఉద్దేశం. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. విచారణలో పనిచేసే గురువుకి (ఫాదరుకి) రోమ్‌ చదువు అంటే ఏమిటో బయటివాళ్ళకి అంతగా తెలియదు. అది మేత్రాసన కార్యాలయానికీ, పెద్ద పదవులకీ వేసే దారి. అమారోకి ఎవరూ లంచం ఇవ్వలేదు. 'నువ్వు పైకి రావలసినవాడివి' అన్నారు, అంతే. ఆ మాట విన్న కుర్రాడు కాదనడం నేర్చుకోడు.

ఆ ఊరి పెద్ద గురువు ఫాదర్ బెనీతో పేదలకి ఆస్పత్రి కట్టిస్తున్నాడు. డబ్బు ఆ చుట్టుపక్కల మాదకద్రవ్యాల వ్యాపారం చేసేవాడి దగ్గర్నుంచి వస్తోంది. చెడ్డ డబ్బు మంచి పనికి వాడితే మంచిదైపోతుందన్నది ఆయన నమ్మకం. పైగా భోజనశాల నడిపే సాన్‌హువానెరాతో ఆయనకి ఎన్నాళ్ళుగానో సంబంధం ఉంది. ఆమె కూతురే అమేలియా. రుబేన్ అనే కుర్ర విలేకరి ఈ డబ్బు వ్యవహారాన్ని ఫోటోలతో సహా పత్రికలో వేస్తాడు. అందులో ఉన్నది నిజం. అయినా దాన్ని ఖండించే పని అమారో మీద పడుతుంది, అమారో చేస్తాడు. పత్రిక వెనక్కి తగ్గుతుంది, రుబేన్‌ని తీసేస్తారు.

నా లెక్కలో నేరం ఇదే. మిగిలిన గంటంబావు దీని వడ్డీ. ఖండన రాసేటప్పుడు అమారో తనకోసం ఏమీ కోరుకోలేదు. పెద్దాయన పరువు, ఆస్పత్రి, శ్రీసభ మంచిపేరు, ఇవన్నీ అతనికి కారణాలుగా దొరికాయి. పెద్ద కారణం చేతిలో ఉంటే అబద్ధం సేవలా కనిపిస్తుంది. రుబేన్ కోపం పట్టలేక నడివీధిలో అతని మీద చేయి చేసుకుంటే, అమారో కేసు పెట్టనంటాడు. ఊరి కళ్ళకి అది క్షమాగుణం. ఉద్యోగం పోయిన కుర్రాడికి ఎలా అనిపించి ఉంటుందో ఒక్క క్షణం ఆలోచించండి.

బెనీతో విషయంలో నాకు తెలిసిన ఉదాహరణ ఒకటి చెప్పాలి. సెమినరీలో తత్వశాస్త్రం అయ్యాక ఒక ఏడాది విచారణలో పనిచేయాలి, దాన్ని రీజెన్సీ అంటారు. నేనున్న విచారణలో గుడి ప్రహరీకి ఒక కాంట్రాక్టరు పెద్ద మొత్తం ఇచ్చాడు. ఫాదర్ గారు మంచివారే. వర్షాకాలంలో బర్రెలు గుడి ఆవరణలోకి వచ్చేస్తున్నాయి, గోడ నిజంగా కావాలి. గోడ లేచింది, దాత పేరు పాలరాతి మీద చెక్కించారు. నాలుగు నెలలకి ఆ కాంట్రాక్టరు దగ్గర పనిచేసే కూలీలు, మా విచారణ వాళ్ళే, రెండు నెలల కూలి ఇవ్వలేదని ఫాదర్ గారి దగ్గరికి వచ్చారు. ఆయన వాళ్ళని కూర్చోబెట్టి టీ ఇప్పించి, 'ప్రార్థన చేద్దాం' అన్నారు. అంతకుమించి ఒక్క మాట అనలేకపోయారు. నేను పక్కనే నిలబడి ఉన్నాను, నేనూ ఏమీ అనలేదు. బెనీతో పాత్ర చూసినప్పుడల్లా నాకు ఆ టీ గ్లాసులే గుర్తొస్తాయి. కానుక తీసుకున్న రోజు ఏమీ జరగదు, నోరు తెరవాల్సిన రోజు వచ్చినప్పుడే దాని ధర తెలుస్తుంది.

మెక్సికోలో ఇది ఊహించి రాసిన సంగతి కాదు. 'నార్కోలిమోస్నాస్' అని అక్కడ ఒక మాటే ఉంది, మాదకద్రవ్యాల వాళ్ళు గుళ్ళకిచ్చే కానుకలు అని అర్థం. సినిమా వచ్చిన మూడేళ్ళకి, 2005లో, అగ్వాస్‌కలియెంతెస్ మేత్రాణులు అలాంటి డబ్బు కూడా మంచికి వాడితే శుద్ధి అవుతుందనే అర్థంలో మాట్లాడి పెద్ద దుమారానికి కారణమయ్యారు. బెనీతో వాదనే అది. అంతకుముందు 1993 మే 24న గ్వాదలహారా విమానాశ్రయంలో కార్డినల్ పొసాదాస్ ఒకాంపో తుపాకీ కాల్పుల్లో చనిపోయారు. ఈ జ్ఞాపకాలన్నీ ఉన్న ప్రేక్షకులకోసం తీసిన సినిమా ఇది.

అమేలియా విషయంలో ఒక్క మాట గట్టిగా అనాలి. చాలామంది దీన్ని 'ఒక ఫాదరు ప్రేమకథ' అంటారు. నేను ఒప్పుకోను. ఆమె పదహారేళ్ళ పిల్ల. అతని దగ్గర పాపసంకీర్తనం (చేసిన పాపాలు ఫాదరుకి చెప్పుకోవడం) చేస్తుంది, తన మనసులో ఏముందో అతనికి అలా తెలుస్తుంది. విచారణలో చిన్నపిల్లలకి జ్ఞానోపదేశం చెబుతుంది, అంటే ఆమె లోకమంతా గుడి చుట్టూనే ఉంది. ఇద్దరూ సమానంగా నిలబడిన చోటు ఈ కథలో ఎక్కడా లేదు. పాపసంకీర్తనాన్ని అడ్డం పెట్టుకుని ఒకరిని ఇలాంటి పాపంలోకి లాగడాన్ని శ్రీసభ చట్టమే తీవ్రమైన నేరంగా చూస్తుంది. మరియమాత కోసం చేయించిన నీలి వస్త్రాన్ని అతను ఆ పిల్ల భుజాలమీద కప్పే సీను మీద అప్పట్లో పెద్ద గొడవ జరిగింది. దైవదూషణ అన్నారు. అక్కడ నాకు భయం వేసేది ఇంకో సంగతికి. ఆ వస్త్రం తీసే హక్కు తనకి ఉందని అతను అప్పటికే నమ్ముతున్నాడు.

ఈ హక్కు ఎక్కడి నుంచి వస్తుందో నాకు కొంచెం తెలుసు. రీజెన్సీకి వెళ్ళినప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. మొదటి ఆదివారం పూజ అయ్యాక ఒక ఇంటికి భోజనానికి పిలిచారు. మా నాయనమ్మకన్నా పెద్దావిడ 'స్తోత్రం బ్రదర్' అంటూ మోకాళ్ళ మీద చేతులాన్చి కష్టంగా లేచి, తను కూర్చున్న ప్లాస్టిక్ కుర్చీని కొంగుతో తుడిచి నాకు వేసింది. సిగ్గుతో చచ్చిపోయాను. 'వద్దమ్మా, మీరు కూర్చోండి' అని ఎంత బతిమాలినా వినలేదు. మూడో నెలకి వచ్చేసరికి, ఎవరింటికైనా వెళ్తే ఎవరు లేవలేదో నా కళ్ళు వాటంతటవే చూసేవి. ఎవరూ నాకు అది నేర్పలేదు. నేను సెమినరీ వదిలేయడానికి కారణాలు వేరే ఉన్నాయి గానీ, ఆ మార్పు గమనించిన రాత్రి సరిగ్గా నిద్రపట్టలేదు. అందుకే అమారోని చూసి 'ఛీ, రాక్షసుడు' అనలేను.

సినిమాలో ఊరు కూడా ఇందులో భాగమే. గుడి పనులు చూసే మార్తిన్ తన ఇంటిని వాళ్ళు కలుసుకోవడానికి ఇస్తాడు, ఏదో పవిత్రమైన పనికి సాయం చేస్తున్నాననుకుంటాడు. ఒకసారి చర్చలో మా దగ్గరి ఊరి రిటైరైన ఉపదేశి (ఫాదరుకి తోడుగా గుడిలో బోధించే మనిషి) ఒకాయన మాట్లాడారు. నలభై ఏళ్ళు సేవచేసిన మనిషి. ఆయన అన్న మాట ఇది: "నేను ఎంతోమంది ఫాదర్లకి వండిపెట్టాను, జ్వరమొస్తే రాత్రంతా కూర్చున్నాను. కానీ ఒక్కరినీ 'ఎందుకిలా చేస్తున్నారు ఫాదర్' అని అడగలేదు. అడగడం భక్తి కాదనుకున్నాను." అని కళ్ళు తుడుచుకున్నారు. సినిమా మీద నేను విన్న వ్యాఖ్యల్లో అంతకన్నా లోతైనది లేదు.

ఇక మీరు అడగకపోయినా, కతోలికులు కాబట్టి తప్పకుండా చెప్పాలనుకున్న సంగతి. ఫాదర్ నతాలియో (దామియాన్ అల్కాసర్) కొండల్లో పేద రైతుల పక్షాన నిలబడతాడు, తుపాకులు పట్టినవాళ్ళతో కలిశాడన్న ఆరోపణ కూడా ఉంది. అక్కణ్ణుంచి వచ్చేయమంటే రానంటాడు. మేత్రాణులు అతన్ని వెలివేస్తారు. మరి అమారో? గర్భవతి అయిన అమేలియాకి దొంగచాటుగా గర్భస్రావం చేయిస్తాడు, దానివల్లే ఆమె చనిపోతుంది. 1983 నాటి శ్రీసభ చట్ట స్మృతిలో 1398వ నియమం ప్రకారం గర్భస్రావం జరిపించినవాళ్ళకి, ఎవరూ తీర్పు చెప్పనక్కర్లేకుండానే, ఆ పని చేయడంతోనే వెలి పడుతుంది. 2021 సవరణలో దాని నంబరు 1397గా మారింది. అంటే చివరి సీన్లో పీఠం దగ్గర నిలబడి, తను చావుకి కారణమైన అమ్మాయికే అంత్యక్రియల పూజ చేస్తున్న మనిషి, తన శ్రీసభ చట్టం ప్రకారమే వెలిలో ఉన్నాడు. ఆ సంగతి అతనికి తెలుసు, సెమినరీలో చదువుకునే ఉంటాడు. ఊరందరి ముందు వెలిపడ్డవాడు కొండమీద తన జనంతో ఉన్నాడు, ఎవరికీ తెలియకుండా వెలిపడ్డవాడు పూజ చేస్తున్నాడు. సినిమా ఈ మాట ఎక్కడా పైకి అనదు. తెలిసినవాళ్ళకి మాత్రం ఆ ఆఖరి పూజ చూస్తుంటే ఒళ్ళు జలదరిస్తుంది.

అదే సమయంలో అమేలియా కడుపుకి కారణం రుబేన్ అనీ, అమారో ఆమెను కాపాడబోయాడనీ ఊళ్ళో కథ పుడుతుంది. బోర్డు మీద కుడివైపు రుబేన్ పేరు రెండోసారి రాయాల్సి వస్తుంది.

దర్శకుడికి కోపమా అన్న ప్రశ్నకి వస్తాను. దర్శకుడు కార్లోస్ కరేరా, కానీ స్క్రీన్‌ప్లే రాసిన విసెంతె లెన్యెరోని మరచిపోకూడదు. ఆయన కతోలిక విశ్వాసి. లూకా సువార్తను నేటి మెక్సికో పేదల మధ్య జరిగినట్టు తిరిగి చెప్పిన నవల 1979లోనే రాశారు. ఇంట్లోవాడు ఇంటి గురించి బాధపడి రాసినట్టుంటుంది ఈ కథ. నతాలియో లాంటి పాత్రని అంత గౌరవంగా రాసినవాడికి శ్రీసభ మీద ద్వేషం ఉందంటే నేను నమ్మను.

మూలం మాత్రం ఇంకా పాతది, ఇంకా కటువైనది. పోర్చుగీసు రచయిత ఎసా ద కెయిరోష్ 1875లో ప్రచురించి, 1880లో చాలా మార్చి మళ్ళీ వేసిన నవల. కథాస్థలం లెయిరియా పట్టణం, ఆయన అక్కడ ప్రభుత్వోద్యోగం చేశారు. నవలలో అమారోకి దైవపిలుపే లేదు. పెంచిన దొరసాని వీలునామా వల్ల సెమినరీకి వెళ్తాడు. అక్కడ బిడ్డ పుడతాడు, ఆ బిడ్డా బతకడు, తల్లీ బతకదు. సినిమా చేసిన పెద్ద మార్పు అమారోకి నిజమైన పిలుపు, నిజమైన మంచితనం ఇవ్వడం. నవల చదివితే వ్యవస్థ మీద కోపం వస్తుంది, సినిమా చూస్తే మన మీద మనకే భయం వేస్తుంది. నాకు సినిమా చేసిన ఎంపికే నచ్చింది.

లోపాలు లేవని కాదు. అమేలియాకి తనదంటూ ఒక ఆలోచన ఉన్నట్టు సినిమా చాలా తక్కువ చోట్ల చూపిస్తుంది. ఊళ్ళోని ముసలావిడ దియోనీసియా పాత్రని మరీ మంత్రగత్తెలా తీశారు. ఆమె దివ్యసత్ప్రసాదాన్ని (పూజలో ఇచ్చే, క్రీస్తు శరీరంగా నమ్మే అప్పాన్ని) దాచి పిల్లికి పెట్టే సీను కథకి ఏ సాయమూ చేయదు, విశ్వాసుల మనసు మాత్రం నొప్పిస్తుంది. ఒక గురువు ఇంత పెద్ద తప్పులోకి జారుతుంటే ప్రార్థనలో అతను పడే ఘర్షణ ఇంకా చూపించాల్సింది. సెమినరీలో బతికినవాణ్ణి కాబట్టి ఈ లోటు నాకు బాగా తెలుస్తుంది.

మెక్సికోలో విడుదలకి ముందు జరిగిన గొడవ గురించి కూడా మీరు ఎక్కడో చదివి ఉంటారు. 2002 జూలై చివర్లో రెండో జాన్ పాల్ పోపు గారు హువాన్ దియేగోని పునీతుడిగా ప్రకటించడానికి అక్కడికి వెళ్ళారు. ఆ పర్యటన అయ్యేదాకా ఆపి ఆగస్టు 16న విడుదల చేశారు. నిషేధించమని కొన్ని సంస్థలు గట్టిగా పట్టుబట్టాయి. ఫలితం తెలిసిందే, జనం ఎగబడ్డారు. అప్పటిదాకా వచ్చిన మెక్సికన్ సినిమాల్లో ఎక్కువ వసూలు చేసింది ఇదే, ఆ రికార్డు 2013 దాకా నిలిచింది. ఆస్కార్‌లో విదేశీ భాషా చిత్రాల తుది జాబితాలోకి కూడా వెళ్ళింది.

ఇప్పుడు అమ్మగారి సంగతి. ముందే నాలుగు విషయాలు చెప్పండి: కొన్ని సీన్లు ఇంట్లో అందరితో కలిసి చూసేలా ఉండవు, పిల్లి సీను ఉంది, గర్భస్రావం ఉంది, అమ్మాయి చనిపోతుంది. అవి తెలిసీ చూస్తానంటే చూడనివ్వండి. పిల్లలున్నప్పుడు వద్దు. ఆవిడకి ఎక్కువ నొప్పి కలిగేది ఆ సీన్లతో కాకపోవచ్చు. నా చర్చల్లో పెద్దవయసు ఆడవాళ్ళు అడిగే ప్రశ్న వేరే ఉంటుంది: 'అలాంటి ఫాదరు చేతులమీదుగా తీసుకున్న సత్ప్రసాదం చెల్లుతుందా?' చెల్లుతుందని గట్టిగా చెప్పండి. యోగ్యత లేని గురువు ఇచ్చే సంస్కారం చెల్లదన్న దొనాతీయుల వాదానికి నాలుగో శతాబ్దం చివర్లో, ఐదో శతాబ్దం మొదట్లో పునీత అగుస్తీను ఇచ్చిన జవాబే ఇప్పటికీ శ్రీసభ బోధ: దివ్యసంస్కారంలో పనిచేసేది క్రీస్తు, గురువు యోగ్యత మీద అది ఆధారపడదు. ఈ ఒక్క మాట ముందే తెలిస్తే ఆవిడ సినిమాని సినిమాగా చూడగలుగుతారు.

వీలైతే ఆఖరి పూజ సీను ఇద్దరూ కలిసి రెండుసార్లు చూడండి. మొదటిసారి అందరం అమారో ముఖం చూస్తాం. రెండోసారి బెనీతోని చూడండి. చక్రాల కుర్చీలో కూర్చున్న ఆ ముసలాయన, తనూ అలాంటి పాపాలే చేసినవాడు, జనం నిండిన గుడిలో పీఠానికి వీపు తిప్పి, చక్రాలు తోసుకుంటూ బయటికి వెళ్ళిపోతాడు. ఆయన వెంట ఎవరైనా లేస్తారేమో అని నేను ప్రతిసారీ చూస్తాను.